పేలిక కట్టిన తీగ

మా పక్కింటి టైలరు మాస్టారు నలభై రెండేళ్ళలో ఒక్క గుడ్డ కూడా తప్పు కోయలేదు. ఈ మాట ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు, వీధిలో మేమే చెప్పుకునేవాళ్ళం. అలాంటి మనిషి కిందటేడు చలికాలం చివర ఒక తప్పు కోత కోశాడు. కోసింది గుడ్డ కాదు, వాళ్ళావిడ ప్రాణంలా పెంచుకున్న పూలతీగ. ఆ ఒక్క కోతతో ఆయన కత్తెర కింద పెట్టేశాడు. అది మళ్ళీ ఆయన చేతికి ఎలా వచ్చిందో చెబుతాను. నాకెలా తెలుసంటారా? మా వంటిల్లు మేడ మీద ఉంది, దాని కిటికీ వాళ్ళ పెరట్లోకి తెరుచుకుంటుంది. కిటికీ పెట్టించింది గాలి కోసమే. గాలి పీల్చుకునేటప్పుడు కళ్ళు మూసుకోవాలని నాతో ఎవరూ చెప్పలేదు.

మాస్టారి దుకాణం వీధి మలుపులో ఉంది. నాలుగు అడుగులు వేస్తే అవతలి గోడ తగిలే గది. అందులో సగం కోత బల్లే. ఆ బల్ల ఎత్తు వాళ్ళ నాన్న నడుముకు సరిపోయేలా చేయించింది. కొడుకూ అంతే ఎత్తు పెరిగాడు కాబట్టి సరిపోయింది. కత్తెర కూడా నాన్నదే. పిడికి చుట్టిన తోలు రెండుసార్లు మారింది గానీ ఇనుము అదే.

ఆయన గుడ్డ కోసే తీరు చూడాలి. ముందు బల్ల మీద పరిచి, అరచేత్తో ఇటునుంచి అటు నిమురుతాడు. నేత ఎటు వాలి ఉందో చేతికే తెలుస్తుందట. తర్వాత టేపు, తర్వాత సుద్ద. సుద్దగీతలన్నీ అయ్యాక ఒక్క అడుగు వెనక్కి వేసి చూస్తాడు. ఇక కత్తెర పట్టాడంటే ఊపిరి బిగబట్టేస్తాడు. అప్పుడు ఎవరొచ్చినా గుమ్మం బయట ఆగాల్సిందే. కర్రు కర్రుమనే చప్పుడు ఆగి, ఆయన గట్టిగా ఊపిరి వదిలితేనే లోపలికి అడుగు.

“ఎందుకయ్యా అంత బిగుసుకుపోతావు? గుడ్డేగా!” అన్నాను ఒకసారి. నేను ఆయన్ని తమ్ముడూ అంటాను, ఆయన నన్ను అక్కయ్యా అంటాడు. రక్తసంబంధం ఏమీ లేదు, మధ్యలో ఒక గోడ సంబంధం.

“కోసిన గుడ్డ మళ్ళీ తానులో చేరదు అక్కయ్యా,” అన్నాడు.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. వాళ్ళ నాన్న కూడా పేరున్న కటింగు మాస్టరే. అరవై ఏళ్ళ వయసులో ఒక పెళ్ళికొడుకు కోటుకు రెండు చేతులూ ఎడమవే కోశాడు. అది తానులో మిగిలిన చివరి ముక్క. మొదట అందరూ నవ్వేశారు, ఆయనా నవ్వాడు. నెల తిరక్కుండా మళ్ళీ అలాంటిదే ఒకటి. ఆ తర్వాత ఆయన చేతికి గుడ్డ ఇచ్చినవాళ్ళు లేరు. వద్దని మొహాన చెప్పినవాళ్ళూ లేరు. ఆరేళ్ళపాటు దుకాణం మూల స్టూలు మీద కూర్చుని, కొడుకు కోస్తుంటే చూస్తూ ఉండిపోయాడు. ఆ స్టూలు ఇంకా ఉంది. “నా చేతిలో మొదటి తప్పు కోత పడిన రోజే కత్తెర కింద పెట్టేస్తాను. ఎవరూ నాకు చెప్పాల్సిన పని లేకుండా,” అని మాస్టారు అప్పుడే అనుకున్నాడట. కిందటేడుకి ఆయనకూ సరిగ్గా అరవై నిండాయి.

దుకాణంలో ఇంకో మనిషి ఆయన తమ్ముడు. మిషను మీద కూర్చుంటాడు. వీధంతా ఆయన్ని చిన్నోడంటుంది. చిన్నోడికి యాభై నాలుగేళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. కుట్టు కుడితే గీత గీసినట్టే ఉంటుంది గానీ కోత రాదు. అన్న కోస్తేనే తమ్ముడి మిషను తిరుగుతుంది.

ఇక మాస్టారి భార్య. నాకు వరసకు మరదలు, నన్ను వదినా అంటుంది. ఆమెకు పెరడే లోకం. పదకొండేళ్ళ కిందట ఒక డబ్బాలో వేలెడంత మొక్క పట్టుకొచ్చింది. పేరు అడిగితే క్లెమాటిస్ అంది. మూడుసార్లు చెప్పించుకుని, అయినా నోరు తిరక్క, తీగ అంటే సరిపోతుందిలే అన్నాను.

గొయ్యి మోచేతి లోతున తవ్వింది. ఉన్న కాస్త కాండంలో రెండు కణుపులు మట్టి కిందికి పోయేలా పెట్టింది. నేను కిటికీలోంచి ఉండబట్టలేక అరిచాను. “మరదలా, నాటుతున్నావా, పాతిపెడుతున్నావా?”

“లోతుగా ఉంటేనే దీనికి ధైర్యం వదినా. పైన ఏమైనా అయితే కింద నుంచి లేస్తుంది,” అంది.

పాదు మీద పగిలిన పెంకులు పరిచింది. ఎందుకంటే ఈ తీగకు కాళ్ళు చల్లగా ఉండాలి, తల మీద ఎండ కాయాలి అంది. నా సంగతి సరిగ్గా దానికి ఎదురు. కాళ్ళు వెచ్చగా ఉండాలి, తల చల్లగా ఉండాలి. “నన్ను నాటాలంటే తలకిందులుగా నాటాలన్నమాట,” అంటే, పార పక్కన పెట్టి మరీ నవ్వింది.

రెండో ఏడు తీగ నడుమెత్తు పెరిగి, నాలుగు మొగ్గలు తొడిగి, ఒక్క వారంలో నల్లగా మాడిపోయింది. నిన్న పచ్చగా ఉన్నది ఇవాళ తడిగుడ్డలా వేలాడింది. నేను ఆశ వదులుకున్నాను. మరదలు మాత్రం నల్లబడినదంతా మొదలంటా కోసి, దూరంగా పారేసి, పాదులో మామూలుగా నీళ్ళు పోస్తూనే ఉంది. మట్టికి నీళ్ళు పోస్తున్నావేంటే అని ఆటపట్టించాను. నెలన్నర తర్వాత పెంకుల సందులోంచి ఎర్రటి మొలక తల బయట పెట్టింది. ఆ పాతిపెట్టిన కణుపుల్లోంచే. ఆ రోజు నుంచి ఆమె పెరట్లో ఏం చేసినా నేను ముందు ఎందుకని అడుగుతాను, తర్వాతే వెక్కిరిస్తాను.

ఈ తీగకు ఇంకో వింత ఉంది. లావు కర్ర పాతితే పట్టుకోదు. దానికి నులితీగలు లేవు, ఆకు కాడే చంటిపిల్ల వేలులా ఒంపు తిరిగి సన్నటి దాన్ని చుట్టుకుంటుంది. అందుకని దుకాణంలో మిగిలిన దారం నాలుగు పేటలు పురిపెట్టి, తలుపు పక్కన గోడకు నిలువునా కట్టింది మరదలు. ఒక్కో ఏడు ఒక్కో రంగు దారం. ఏ రంగు బట్టలు ఎక్కువ కుట్టారో ఆ రంగు మిగిలేది. ఒక ఏడు బడిపిల్లల యూనిఫారాలు ఎక్కువ పడి, తీగంతా ముదురు నీలం దారం మీద పాకింది.

తర్వాత అలాంటిదే ఇంకోటి తెచ్చి, మా మేడ వైపు గోడ కింద పెట్టింది. మొదటిది తలుపు తీగ, రెండోది గోడ తీగ. చూడ్డానికి అక్కచెల్లెళ్ళు, గుణాలు మాత్రం ఉత్తర దక్షిణాలు. తలుపు తీగ చలి తగ్గుతూనే పూస్తుంది. సాసరంత వెడల్పు, ఊదారంగు. అది కిందటేటి పాత కాడ మీదే పూస్తుంది కాబట్టి చలికాలంలో దాన్ని కోయకూడదు. గోడ తీగ ఎండలు వెళ్ళేముందు పూస్తుంది. చిన్నచిన్న గంటల్లా, పండిన నేరేడు రంగు. అది పూసేది కొత్త చిగురు మీద, అందుకని దాన్ని ఏటా చలి చివర మోకాలెత్తుకు కోసెయ్యాలి. కోయకపోతే కింద బోడిగా ఉండి, ఎక్కడో నెత్తి మీద పూస్తుంది. ఆకులు రాలిపోయాక మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి, ఎండిపోయిన నార తాళ్ళలా. పెంచినవాళ్ళు తప్ప ఎవరూ పోల్చుకోలేరు. ఆ కోత ఏటా మరదలే చేసుకునేది. మాస్టారు పెరట్లోకి వచ్చినా పూలు చూసి వెళ్ళేవాడు గానీ కత్తెర తెచ్చేవాడు కాదు.

కిందటేడు వాళ్ళమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయని ఫోనొచ్చింది. మరదలు గంటలో బయలుదేరింది. గేటు ముందు కారు ఆగి ఉంది, సంచి నా చేతిలో ఉంది. ఆమె ఒక కాలు కారులో పెట్టి, ఒక కాలు నేల మీద ఉంచి మొగుడికి అప్పగింతలు మొదలుపెట్టింది.

“ఏమండీ, చలి తగ్గేముందు రెండు తీగల్లో ఒకదాన్ని మోకాలెత్తుకి కోసెయ్యాలి. రెండోదాన్ని ముట్టుకోకూడదు. గుర్తుకి పేలిక కట్టాను, చూసుకోండి. మరిచిపోరుగా?”

“కోత గురించి నువ్వు నాకు చెబుతున్నావా?” అన్నాడు మాస్టారు.

ఆమె నవ్వి, రెండో కాలు కూడా లోపల పెట్టింది. కారు వెళ్ళిపోయింది. గోడ తీగ మొదట్లో నీలం లైనింగు గుడ్డ పేలిక ఒకటి గాలికి ఊగుతూ ఉండిపోయింది.

పిల్లాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. అయినా నెలలు తక్కువ బిడ్డ కాబట్టి మరదలు మూడు నెలలు అక్కడే ఉండిపోయింది. ఇక్కడ చలి తగ్గుముఖం పట్టింది. ఒక సెలవు రోజు పొద్దున మాస్టారు కత్తెర పట్టుకుని పెరట్లోకి వచ్చాడట. వచ్చాడట అంటున్నాను, ఎందుకంటే ఆ పూట నేను లేను. పన్ను పీకించుకోవడానికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ కిటికీకి నేను సెలవు పెట్టింది ఆ ఒక్క పూటే, జరగాల్సింది ఆ పూటే జరిగింది.

ఏం జరిగిందో తర్వాత చిన్నోడు చెప్పాడు. మాస్టారు తన మోకాలు ఎత్తు టేపుతో కొలుచుకున్నాడట. తీగ మీద సుద్దతో గుర్తు పెట్టాడట. ఒక అడుగు వెనక్కి వేసి చూశాడట. తర్వాత ఊపిరి బిగబట్టి, తలుపు తీగను మోకాలెత్తుకు కోసేశాడు. పేలిక కట్టిన గోడ తీగను వేలితో కూడా తాకలేదు.

నేను ఇంటికొచ్చి కిటికీలోంచి చూసేసరికి తలుపు పక్కన గోడ బోసిగా ఉంది. ఇదేంటి, కోసేది అటువైపుది కదా! కానీ చెంప గుమ్మడికాయలా వాచి ఉంది, నోట్లో దూది ఉంది. నోట్లో నువ్వుగింజ నాననిదాన్ని రెండు రోజులు మూగదాన్నై కూర్చున్నాను. మాట వచ్చేసరికి, మరదలు ఈసారి ఏదో కొత్త పద్ధతి చెప్పి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెప్పినా ఏం లాభం, కోసిన కాడ తిరిగి అతుక్కోదు కదా.

పూల నెల వచ్చింది. తలుపు తీగకు మొదట్లో చిగుళ్ళు పుట్టుకొచ్చాయి, మొగ్గ మాత్రం ఒక్కటి లేదు. ఒక సాయంత్రం మాస్టారు ఫోను చెవికి పెట్టుకుని ఆ తీగ ముందు నిలబడ్డాడు. మరదలి గొంతు గట్టిది, ఫోనులోంచి మా కిటికీదాకా వినపడింది.

“తలుపు తీగ ఎన్ని మొగ్గలేసిందండీ?”

“చిగుళ్ళు బాగున్నాయి.”

“చిగుళ్ళు కాదు, మొగ్గలు. పోనీ గోడ తీగ కోశారుగా? పేలిక కట్టినదాన్ని కోయమని చెప్పానుగా?”

మాస్టారు గోడ తీగ వైపు తిరిగి, ఆ నీలం పేలికను చూశాడు.

“చెప్పావు. నేనే మరిచిపోయినట్టున్నాను,” అన్నాడు మెల్లగా.

మర్నాడు దుకాణంలో కత్తెరకు నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి, సొరుగులో పెట్టేశాడు. వచ్చిన గుడ్డలు తీసుకోవడం, కొలతలు రాసుకోవడం మామూలుగానే చేశాడు. కోత మాత్రం లేదు. నాలుగు రోజులకు చిన్నోడి మిషను ఆగిపోయింది. ఆరో రోజు చిన్నోడు మా మెట్లెక్కి వచ్చాడు.

“అక్కయ్యా, మీరైనా చెప్పండి. అన్నయ్య నాన్న స్టూలు మీద కూర్చుంటున్నాడు.”

ఆ స్టూలు మాట వినగానే నేను చెప్పులేసుకున్నాను.

దుకాణంలో మాస్టారు నిజంగానే ఆ మూల కూర్చుని ఉన్నాడు. కాలర్లు తిరగేసి చూస్తున్నాడు, చూడ్డానికేమీ లేకపోయినా.

“ఏంటి తమ్ముడూ, తీగ కోసినందుకు ఇంత తపస్సా? కోసింది గుడ్డ కూడా కాదు,” అన్నాను.

“కోత కోతే అక్కయ్యా. ఇవాళ తీగ, రేపు ఎవరి పెళ్ళి కోటో.”

“తీగను పోల్చుకోలేకపోయావు. అది నీ పని కాదుగా!”

“పోల్చుకోలేకపోతే బాధ లేదు. చెప్పిన మాట చెప్పినట్టు చెవిలోంచి జారిపోయింది. కోయమంటే, వద్దంది అనుకున్నాను. మా నాన్నకూ ముందు మాటలే జారాయి. చేతులు తర్వాత.”

నాకు సమాధానం దొరకని రోజు మా ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది, కూర అడుగంటుతుంది. ఆ పూటా అడుగంటింది.

వారం తిరిగేసరికి మరదలు వచ్చింది. సంచి గుమ్మంలో పెట్టి నేరుగా పెరట్లోకే నడిచింది. కసురుకుంటుందేమో అనుకుని నేను కిటికీ దగ్గర సర్దుకుని నిలబడ్డాను. ఆమె తలుపు తీగ ముందు కూర్చుని, కోసిన చోట్లన్నీ ఒక్కొక్కటే వేలితో తడిమింది.

“వదినా, కిందికి రండి, ఒకటి చూపిస్తాను,” అని పిలిచింది. నేను అక్కడ ఉంటానని చూడకుండానే తెలుసు ఆమెకు.

వెళ్ళాను. “ఈ కోత చూడండి. ప్రతిదీ చిగుళ్ళ జంటకి సరిగ్గా పైన, ఒకే ఏటవాలుగా. ఎక్కడా నలగలేదు, చీలలేదు. పదకొండేళ్ళుగా కోస్తున్నాను, నాకు ఒక్కసారి కూడా ఇలా రాలేదు. ఆ మనిషి చేయి పోయిందంటే నేను నమ్మను.”

ఆ మాటే మొగుడితోనూ చెప్పింది. “పోతే ఒక ఏటి పూలు పోయాయి. తీగ ఎక్కడికీ పోలేదు,” అంది.

“చేయి బాగానే ఉంది, బుర్రే పోతోంది,” అన్నాడాయన. సొరుగు తెరవలేదు.

రెండు రోజులకి నేను దుకాణానికి వెళ్ళాను. మా మనవరాలి గౌను పాతది అక్కడ ఉండిపోయింది. మాస్టారు బయటికెళ్ళాడు. అరలో గుడ్డలు రెండు వరసలుగా ఉన్నాయి. ఎడమవైపు మడతలు, కుడివైపు చుట్టలు. ఒక చుట్టలో గౌను రంగు కనపడి చెయ్యి పెట్టాను.

“అది ముట్టుకోకండి అక్కయ్యా, పేలిక కట్టి ఉంది,” అన్నాడు చిన్నోడు.

“కడితే ఏంటంట? కరుస్తుందా?”

“కట్టిందంటే కోత అయిపోయిందని. ముక్కలన్నీ లెక్కగా చుట్టి కట్టేస్తాం. ఇక దాని మీద కత్తెర పడకూడదు. విడిగా ఉన్నవే కోయాల్సినవి.”

నేను చుట్ట మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాను. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, నాకు గేటు, కారు, మరదలి కాళ్ళు, ఆ అప్పగింతలు అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి.

“ఈ పద్ధతి ఎప్పటి నుంచి?”

“నాన్న కాలం నుంచి.”

“మీ వదినకు తెలుసా?”

“వదిన లోపలికి ఎప్పుడొచ్చింది? గుమ్మంలో క్యారేజీ ఇచ్చి వెళ్ళిపోతుంది. లోపలికొస్తే అన్నయ్య ఊపిరి బిగబట్టి ఉంటాడు కదా!”

గౌను సంగతి మరిచిపోయాను. ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాలిద్దర్నీ పెరటి మెట్టు మీద కూర్చోబెట్టాను. చిన్నోణ్ణి కూడా పిలిచాను. సాక్ష్యం లేని పంచాయితీ నాకిష్టం ఉండదు.

“మరదలా, పేలిక ఎందుకు కట్టావు?”

“కోయమని.”

“తమ్ముడూ, నీ దుకాణంలో గుడ్డకు పేలిక కట్టి ఉందంటే ఏంటి?”

“కత్తెర పెట్టొద్దని,” అన్నాడు. అని ఆగిపోయాడు. మరదలు ఆయన మొహంలోకి చూసింది.

“అదేం పద్ధతండీ? నలభై ఏళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదే!”

“నువ్వెప్పుడూ అడగలేదు. అయినా ఆ రోజు నువ్వు చెప్పావుగా, కట్టినదాన్ని కోయమని? దుకాణం పద్ధతి సరే, నీ మాట కూడా ఉందిగా! అదే నేను మరిచిపోయాను.”

“చెప్పలేదు,” అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

“ఏది కోయాలో నువ్వు చెప్పనే లేదు మరదలా. నేను సంచి పట్టుకుని పక్కనే ఉన్నాను. ‘రెండు తీగల్లో ఒకదాన్ని మోకాలెత్తుకి కోసెయ్యాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు, గుర్తుకి పేలిక కట్టాను, చూసుకోండి.’ అంతే. కట్టింది కోయమనీ అనలేదు, వదలమనీ అనలేదు.”

“మూడు నెలల కిందటి మాట అంత ఇదిగా ఎలా గుర్తుంది వదినా?” అంది మరదలు, నమ్మలేనట్టు.

“ఎదుటివాళ్ళ మాటలు నాకు మరుపు రావు. నావే మరిచిపోతాను.”

“అయితే తీగల సంగతికి ముందు ఏం చెప్పానో చెప్పండి చూద్దాం.”

“పాలు పొంగితే పొయ్యి కట్టెయ్యమన్నావు. కిటికీ తలుపు గడియ సరిగ్గా పడదు, పైకెత్తి పెట్టమన్నావు. వదిన ఏమైనా అడిగితే ఇచ్చెయ్యండి గానీ ఇస్త్రీ పెట్టె మాత్రం ఇవ్వకండి, కిందటిసారి దాని వైరు కాల్చి ఇచ్చింది అన్నావు. నేను పక్కనే ఉన్నానని కూడా చూసుకోలేదు.”

మరదలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. చిన్నోడు ముందు నవ్వాడు. తర్వాత ఆమె నవ్వింది, వేళ్ళ సందుల్లోంచి. “నిజమే. ఏది కోయాలో నేను చెప్పలేదు. చెప్పేశాననుకున్నాను,” అంది.

మాస్టారు ఒక్కడే నవ్వలేదు. “అక్కయ్యా, నిజం చెప్పండి. నా మీద జాలిపడి అల్లిన మాట కాదుగా?”

“జాలిపడితే నీకు మంచి మాటలు చెబుతాను గానీ ఇస్త్రీ పెట్టె కాల్చిన నింద నా మీద నేనే వేసుకుంటానా?”

అప్పుడు ఆయన పెదవి కదిలింది. అయినా సొరుగు మాట ఎత్తలేదు. బుర్రకు తెలిసింది చేతికి చేరడానికి కొంచెం టైము పడుతుందని నాకు అర్థమైంది. ఇంటికెళ్ళి ట్రంకు పెట్టె తెరిచాను. అడుగున, కలరా ఉండల మధ్య, పన్నెండేళ్ళుగా దాచుకున్న ఉన్ని గుడ్డ ఉంది. బూడిద రంగులో సన్నటి ఎర్ర గీత. కోటు కుట్టించుకోవాలని కొని, మంచి రోజు కోసం చూస్తూ చూస్తూ దాచేసింది. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి కోత బల్ల మీద పరిచాను.

“ఇది తానులో చివరి ముక్క. సరిగ్గా ఒక్క కోటుకు వస్తుంది. తప్పితే మళ్ళీ దొరకదు,” అన్నాను.

“అక్కయ్యా, ఇంకేదైనా పాత గుడ్డ తెచ్చి ఉంటే...”

“పాత గుడ్డ కోయడానికి నువ్వెందుకు, చిన్నోడు చాలడా?”

“నేను చాలను,” అన్నాడు చిన్నోడు మిషను మీద నుంచి, వెంటనే.

మాస్టారు గుడ్డ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అరచేయి దాని మీద పెట్టాడు, ఇటునుంచి అటు నిమిరాడు. ఒకసారి చేయి పడ్డాక ఆగలేదు. నా కొలతలు తీసుకున్నాడు. పన్నెండేళ్ళలో గుడ్డ పెరగలేదు, నేను పెరిగాను. వెడల్పు చాలదేమోనని నాకే భయం వేసింది. ఆయన సుద్దగీతలు రెండుసార్లు చెరిపి, మూడోసారి గీశాడు, అడ్డంగా పెట్టాల్సిన ముక్కను ఏటవాలుగా తిప్పి సరిపెట్టాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. సొరుగు తీశాడు.

నన్ను, చిన్నోణ్ణి గుమ్మం బయటికి పంపేశాడు. అప్పటికే మరదలు క్యారేజీ పట్టుకుని అక్కడ నిలబడి ఉంది. లోపల కర్రు కర్రుమని చప్పుడు మొదలైంది. ఆయనతో పాటు మేమూ ఊపిరి బిగబట్టాం. నాకు అంత ఊపిరి లేదు, మధ్యలో రెండుసార్లు దొంగతనంగా పీల్చుకున్నాను. చప్పుడు ఆగింది. గట్టిగా ఊపిరి వదిలిన శబ్దం కోసం ఎదురుచూశాం. అది వెంటనే రాలేదు.

తొంగి చూశాను. మాస్టారు కోటు చేతులు రెండూ ఎత్తి పట్టుకుని, ఒకటి తన ఎడమ భుజానికి, ఒకటి కుడి భుజానికి ఆనించుకుని నిలబడ్డాడు. ఎడమదాన్ని ఎడమవైపు చూశాడు. కుడిదాన్ని కుడివైపు చూశాడు. రెండూ ఎక్కడివక్కడ సరిగ్గా కూర్చున్నాయి.

అప్పుడు వదిలాడు ఊపిరి.

ముక్కలన్నీ చుట్టి, నీలం పేలిక తీసి ముడి వేశాడు. “చిన్నోడా, ఇది అక్కయ్యది. ముందు ఇదే కుట్టు,” అన్నాడు. మరదలు ఆ రోజు మొదటిసారి గడప దాటి లోపలికొచ్చి, కట్టినవి ఒకవైపు, కట్టనివి ఒకవైపు పెట్టిన ఆ అరను చాలాసేపు చూసింది. తర్వాత మూలనున్న స్టూలు తీసుకుని, “పెరట్లో తీగకు దారం కట్టడానికి ఎత్తు చాలడం లేదు,” అంటూ ఇంటికి పట్టుకుపోయింది. ఆయన కాదనలేదు.

ఆ ఏడు పూల విషయం కూడా చెప్పాలి. కోయని గోడ తీగ పాత కాడల మీదుగా పైపైకి పాకి, ఎండలు వెళ్ళేవేళకు మా వంటింటి కిటికీ చువ్వలు పట్టుకుని అక్కడే పూసింది. కింద పెరట్లో చూస్తే ఉత్త కాడలు. పెంచినావిడ తన పూలు చూసుకోవాలంటే మా మెట్లెక్కి రావాల్సి వచ్చింది. నెల రోజులు రోజూ వచ్చింది. “నీళ్ళు నేను పోస్తే పూలు మీకా!” అని రోజూ దెప్పిపొడిచింది. “పేలిక ఎవరు కట్టారు?” అని రోజూ అడిగాను.

తలుపు తీగ చేసిన పని ఎవరూ అనుకోనిది. ఇక ఈ ఏటికి లేవనుకున్నాక, అంత ఆలస్యంగా, కొత్త చిగుళ్ళ చివర ఏడు పూలు పూసింది. సాసరంత కాదు, అరచేయంత. అది అలా కూడా పూస్తుందని మరదలికి పదకొండేళ్ళలో తెలియదు. మాస్టారు దుకాణానికి వెళ్తూ, వస్తూ ఆ ఏడింటినీ లెక్కపెట్టేవాడు.

మొన్న మళ్ళీ చలి చివరికొచ్చింది. నేను కొత్త కోటు వేసుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. చంక దగ్గర ఎక్కడా పట్టదు, చెయ్యెత్తి పై అరలో డబ్బా కూడా అందుకోవచ్చు. ఈసారి మరదలు తలుపు తీగకు పేలిక కట్టింది. పద్ధతి మార్చుకుంది ఆవిడే. మాస్టారు కత్తెర పట్టుకుని పెరట్లోకొచ్చాడు. గోడ తీగ కోసే పని ఇక ఆయనదేనని మరదలు తేల్చి చెప్పేసింది, ఆ ఏటవాలు కోత తనకు రాదని. ఆయన టేపుతో మోకాలు కొలుచుకున్నాడు, సుద్దతో గుర్తు పెట్టాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడు తల పైకెత్తాడు.

“అక్కయ్యా, ఉన్నారా?”

“ఉన్నాను.”

“పేలిక కట్టింది?”

“వదిలెయ్యాలి.”

“కట్టనిది?”

“కోసెయ్యాలి.”

ఆయన భార్య వైపు తిరిగి, “విన్నావుగా?” అన్నాడు.

“విన్నానండీ బాబూ, కానివ్వండి!” అంది మరదలు నడుం మీద చేతులు పెట్టుకుని.

మాస్టారు ఊపిరి బిగబట్టాడు.